ఇనుప కొమ్మ

మా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ కిటికీలోంచి బయటికి చూశాను. డాబా మీద ఆరేసిన దుప్పట్లు, అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతున్నవి, ఒక్కసారిగా లేచి పడమటి వైపు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వాటి వెనక, రోడ్డుకి అవతల, సగంలో ఆగిపోయిన పెద్ద బిల్డింగు. దాని పక్కన మా క్రేను. గాలి పడమటికి వీస్తోంది. క్రేను మాత్రం ఉత్తరం వైపు చెయ్యి చాపుకుని, తనకేమీ పట్టనట్టు నిలబడి ఉంది.

చొక్కా కమురువాసన వేసేదాకా నేను ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

మా ఆయన ఆ క్రేను నడుపుతాడు. ఆకాశంలో అద్దాల గదిలో కూర్చుని ఇటుకలూ ఇనుప కడ్డీలూ ఎత్తి ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరవేస్తాడు. కింద వాకీటాకీ పట్టుకుని, సరుకు ఎక్కడ దిగాలో చెప్పేది నేను. అంత ఎత్తునుంచి ఆయనకి గోడ అవతల ఏముందో కనిపించదు. నా మాటే ఆయనకి కన్ను. ఇంట్లో ‘ఏమండీ’, ‘మీరు’. వాకీటాకీలో ‘నువ్వు’. దించు, తిప్పు, ఆపు అంటానే తప్ప, దయచేసి దించండి అనే తీరిక అక్కడ ఎవరికుంటుంది? పైగా మా పనిలో ఒక కట్టుబాటుంది. ‘ఆపు’ అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా సరే, అది ఇంజనీరైనా టీ తెచ్చినవాడైనా, పైనున్న మనిషి ఎందుకని అడగకూడదు. చెయ్యి అక్కడికక్కడ ఆగిపోవాలి. ఇన్నేళ్ళలో నేను ఆ మాటన్నాక ఆయన చెయ్యి అంగుళం కదిలింది లేదు. ఇంట్లో మాత్రం లక్షసార్లు అన్నా కవిత్వం ఆపలేదు.

కవి మరి. సైటులో అందరూ ‘కవిగారూ’ అనే పిలుస్తారు, సగం గౌరవం, సగం వెటకారం. కింద సరుకు కట్టేలోపు కాస్త ఖాళీ దొరికితే చాలు, ‘విను’ అంటాడు నా చెవిలో. చెవికి డబ్బా తగిలించుకున్నదాన్ని, ఎక్కడికని పారిపోను? పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారట, చెట్లు మాత్రం చెట్లలాగే కనిపిస్తాయట. కాబట్టి ఈ భూమికి మనిషి యజమాని కాదు, అద్దెకున్నవాడు, ఆ సంగతి మరిచిపోయి గోడల నిండా మేకులు కొడుతున్నాడు. ఇదీ ఆయన సిద్ధాంతం. “అద్దె ఎవరికి కట్టాలో చెప్పు, ఈ నెల నుంచే కడదాం, ముందు ఆ బస్తాలు దించు” అనేదాన్ని. నవ్వేవాడు. కానీ ఆయనకది వేళాకోళం కాదు. దారిలో పిట్ట చచ్చి కనిపిస్తే ఆ పూట అన్నం సయించని మనిషి. ఆ మెత్తదనం చూసే నేను ఆయన్ని చేసుకున్నాను, ఆ మెత్తదనం మీదే రోజూ విసుక్కుంటాను.

వేసవి మొదట్లో బిల్డింగు భాగస్వాములు కోర్టుకెక్కారు. పని ఆగిపోయింది, సైటుకి కరెంటు తీసేశారు. చాలామంది వేరే పనులు చూసుకున్నారు. వెళ్ళడానికి చోటు లేని కుటుంబాలు క్రేనుకి పడమటి పక్కన రేకుల షెడ్లలో ఉండిపోయాయి. వాళ్ళని కనిపెట్టుకుని సూపర్‌వైజరుగా ఉన్న నా తమ్ముడు, మరదలు, వాళ్ళ చంటిది కూడా అక్కడే. మా ఆయనకి వారానికోసారి పైకెక్కి గ్రీజు పెట్టి వచ్చే పని ఒక్కటే మిగిలింది. ఆ ఖాళీలో పుట్టిన కవితే ‘ఇనుప కొమ్మ’. క్రేను మీద గూడు కట్టుకున్న ఓ గోరింక గురించి. ఏదో పత్రికలో వచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు, ఆ సాయంత్రం గ్రంథాలయంలో సభ పెట్టి ఆయన చేత చదివిస్తామన్నారు. చొక్కా ఇస్త్రీ అందుకే.

“అడగకముందే ఇచ్చాను నీకు, ఓ చిట్టి రెక్కా, ఆకాశంలో నా ఇనుప కొమ్మని.” అద్దం ముందు నిలబడి గొంతు సరిచేసుకుంటున్నాడు. మొదటిసారి వినిపించిన రోజే, “క్రేను కంపెనీది, దానం మీది. అత్తసొమ్ము అల్లుడు దానమంటే ఇదే” అన్నాను. గూడు ఆ పొడుగాటి చేతి చివర ఎక్కడో ఉందనుకున్నాను. ఎక్కడుందని అడగలేదు.

ఇక్కడ ఇంకొక్క సంగతి చెప్పాలి. పని అయిపోయాక క్రేనుని గాలికి వదిలేయాలి. ఎవరింట్లోనైనా పిల్లల్ని గాలికి వదిలేశారంటే అది తిట్టు. మా పనిలో అలా వదలకపోవడమే నేరం. పైన చేతిని తిప్పే పెద్ద చక్రానికి వేసిన బ్రేకు తీసేస్తే, గాలి ఎటు వీస్తే క్రేను చెయ్యి అటు తిరిగి, గాలికి వీపు చూపించి నిలబడుతుంది. ఎంత తుపానైనా పక్కనుంచి జారిపోతుంది. బ్రేకు వేసి ఉంచితే ఆ గాలంతా అడ్డంగా తగులుతుంది. అంత పొడుగు ఇనుము అడ్డంగా నిలబడి గాలిని ఆపాలని చూస్తే ఏమవుతుందో మా వాళ్ళందరికీ తెలుసు.

“ఏమండీ,” అన్నాను. “క్రేను తిరగట్లేదు.”

కవిత సగంలో ఆగింది. ఆయన కిటికీ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేనట్టు తల దించుకున్నాడు.

“బ్రేకు వేశారా?”

“పిల్లలు పెట్టిందే.”

“ఏది?”

“గోరింక. గూడు చేతి మీద లేదు. చక్రం దగ్గర, తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్య సందులో ఉంది. క్రేను కదిలితే నలిగిపోతుంది. అందుకని వేశాను. ఇంకో వారంలో ఎగిరిపోతాయి, అప్పుడు తీసేద్దామని...”

“ఎప్పట్నుంచి?”

“మొదట నాలుగు పుల్లలు, ఒక నీలం దారం కనిపించినప్పటి నుంచి.”

ఒళ్ళు మండిపోయింది. చేతిలో వేడి ఇస్త్రీపెట్టె ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏం విసిరేదాన్నో నాకే తెలియదు. ఆకు కదలని ఎండలు కదా అని ఆయన ధీమా. పని లేని క్రేనుని ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు, తమ్ముడూ చూడలేదు. తూర్పున మాత్రం ఆకాశం మసిబట్టిన మూకుడు అడుగులా అయింది. దాని కింద ఎర్రటి దుమ్ము గోడలాగా లేచి వస్తోంది.

“తూర్పు గాలి,” అన్నాను. “అడ్డంగా తగులుతుంది. పడితే పడమటికే.”

పడమట ఏముందో ఇద్దరికీ తెలుసు. నేను ఇస్త్రీపెట్టె ఆపి, గూట్లో ఉన్న రెండు వాకీటాకీలూ తీశాను. ఆయన సగం వెచ్చగా, కాలర్ దగ్గర గోధుమరంగు మచ్చతో ఉన్న ఆ చొక్కానే తొడుక్కున్నాడు. బొత్తాలు మెట్ల మీద పెట్టుకున్నాడు.

రోడ్డు దాటేసరికి దుమ్ము కళ్ళలో పడుతోంది. దుకాణాలవాళ్ళు షట్టర్లు లాగేస్తున్నారు. సైటు గేటు దగ్గర తమ్ముడు ఎగిరిపోతున్న రేకుని కాలితో తొక్కిపట్టి నిలబడి, మమ్మల్ని చూసి నవ్వాడు.

“ఏంటి బావా, సభకి పోకుండా ఇటొచ్చావు? మాకు కూడా వినిపిస్తావా?”

“షెడ్లు ఖాళీ చేయించు,” అన్నాను. “అందర్నీ రోడ్డు మీదికి తీసుకురా. ఇప్పుడే.”

“ఎందుకక్కా? క్రేను గురించా? అది గాలికి తిరుగుతుంది కదా...” అంటూ తలెత్తి చూశాడు. అది ఉత్తరానికే చూస్తోంది. ఇంకేమీ అడగకుండా షెడ్ల వైపు పరిగెత్తాడు.

ఖాళీ చేయించడం అన్నంత తేలికా? షెడ్ల వెనక నీళ్ళు నిండిన పునాది గొయ్యి. బయటికి రావాలంటే క్రేను కిందినుంచే రావాలి. మధ్యాహ్నపు నిద్రల్లో ఉన్న ముసలివాళ్ళు, పసిపిల్లలు, సామాను వదిలి రామనే ఆడవాళ్ళు. వాన వచ్చే ముందు ఇంట్లోకి పొమ్మంటారు గానీ బయటికి రమ్మనేదేమిటని వాళ్ళ గోల. వాళ్ళది న్యాయమే.

మా ఆయన అప్పటికే క్రేను మెట్ల దగ్గర ఉన్నాడు. స్తంభం లోపల నిటారుగా ఇనుప నిచ్చెన. కరెంటు లేదు కాబట్టి కింద ఏ మీటా పనిచేయదు. పైకెక్కి, చక్రం పక్కనున్న మోటారు మీద చేతిమీట లాగితేనే బ్రేకు వదులుతుంది. ఈ గాలిలో ఎక్కకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు చెప్పే మాటే అది.

నా చేతిలో వాకీటాకీ ఉంది. నోట్లో ఆ ఒక్కమాట ఉంది. అంటే చాలు, ఆయన కాలు మెట్టు మీదే ఆగిపోతుంది. ఆయన దక్కుతాడు. షెడ్ల వైపు చూశాను. మరదలు గుమ్మంలో నిలబడి చంటిదాన్ని చంకకెత్తుకుంటోంది, రెండో చేత్తో దుప్పటి మడత పెడుతోంది. ఇంత ముంచుకొస్తుంటే దుప్పటి మడత పెట్టడమేమిటే తల్లీ!

నేను ‘ఆపు’ అనలేదు. ఆయన నా వైపొకసారి చూసి ఎక్కడం మొదలుపెట్టాడు.

“నడుం బెల్టు తగిలించుకుంటూ పో,” అన్నాను వాకీటాకీలో.

“ఊ.”

ఆయన తెల్లచొక్కా ఇనుప కమ్మీల మధ్య మినుకు మినుకుమంటూ పైకి పోతోంది. గాలి దెబ్బ తగిలినప్పుడల్లా ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. నేను స్తంభం అడుగున కాంక్రీటు దిమ్మ మీద నిలబడ్డాను. కాళ్ళకింద సన్నటి వణుకు. పైన మూలుగు. ఇనుము మూలుగుతుందని పుస్తకాల్లో రాస్తే నమ్మేదాన్ని కాదు. దిమ్మలోంచి పైకి లేచిన లావుపాటి బోల్టుల చుట్టూ గాలి దెబ్బకొకసారి సిమెంటు పొడి రాలుతోంది.

“ఎక్కడున్నావు?”

“వచ్చేశాను. చక్రం దగ్గర.”

“మీట లాగు.”

గాలి హోరు మాత్రమే. ఆ హోరులో సన్నగా, గీపెట్టినట్టు అరుపులు. గోరింకలు. తల్లీ తండ్రీ రెండూ ఆయన మొహం మీదికి వచ్చి పొడుస్తున్నాయని తర్వాత ఆయన బుగ్గ చూస్తే తెలిసింది.

“లాగావా?”

“మూడున్నాయే,” అన్నాడు. “మూడు పిల్లలు. కళ్ళు తెరిచాయి.”

“మీట లాగు!”

“ఒక్క క్షణం. తీసి జేబులో వేసుకుని లాగుతాను. చెయ్యి మోచేతిదాకా పడుతోంది. ఇదిగో, అందుతున్నాయి.”

ఆయన గొంతు నాకు తెలుసు. ఇటుకల దొంతర కదలకుండా దించేటప్పుడు, గాజు పలకలు ఎత్తేటప్పుడు ఉండే గొంతు. లోకమంతా మరిచిపోయి చేతివేళ్ళ చివర ఉంటాడప్పుడు. తమ్ముడు ఒక ముసలామెని వీపున వేసుకుని నా ముందునుంచి పరిగెత్తాడు. “అక్కా, బావ పైనున్నాడా? దింపెయ్యి!” అని అరిచాడు. వాడి వెనక ఇంకో నలుగురు. వాళ్ళ వెనక ఎవరూ లేరు. మరదలు రాలేదు. షెడ్ల మొదట్లో గాలికి ఒక రేకు ఊడి తలుపుకి అడ్డంగా పడింది, దాని వెనక చంటిది ఏడుస్తోంది.

“అందట్లేదే,” అన్నాడు ఆయన. “నా చెయ్యి చూసి వెనక్కి పోతున్నాయి. చెయ్యి పెట్టినకొద్దీ ఇంకా లోపలికి పోతున్నాయి. నన్ను చూసి... నన్ను చూసి ఎందుకే భయపడతాయి?”

ఏడుస్తున్నాడు. అంతెత్తున, అంత గాలిలో, పక్షిగూట్లో చెయ్యి పెట్టుకుని నా మొగుడు ఏడుస్తున్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది, అంతే కోపం వచ్చింది. అప్పుడే పెద్ద దెబ్బ తగిలింది. క్రేను మొత్తం పడమటికి ఒంగి, ఒంగినచోటే ఒక క్షణం ఆగి, మళ్ళీ లేచింది. నా కాలిపక్క బోల్టు దగ్గర సిమెంటు టప్పుమని పగిలింది.

వాకీటాకీ నోటికి ఆనించుకున్నాను.

“ఆపు,” అన్నాను.

హోరు. పక్షుల అరుపు. ఆయన ఊపిరి. ఎందుకని అడగలేదు. చెయ్యి ఆగిపోయిందని నాకు తెలుసు, కనిపించకపోయినా తెలుసు. ఇన్నేళ్ళ అలవాటు ఆయన బుర్రని అడగకుండానే చేతిని ఆపేసింది.

“చెయ్యి బయటికి తియ్యి.”

“తీశాను.”

“మీట పట్టుకో.”

“పట్టుకున్నాను.” తర్వాత చాలా మెల్లగా, “నువ్వు చెప్పు,” అన్నాడు.

నేనే చెప్పాలి. సరుకు ఎక్కడ దిగాలో నేను చెబితేనే కదా ఆయన దించేది.

“లాగు,” అన్నాను.

పైన కీచుమంది. చాలా రోజులుగా బిగిసి ఉన్న ఇనుము విడివడిన చప్పుడు. క్రేను చెయ్యి మొదట కొంచెం కదిలింది, ఆలోచించుకున్నట్టు ఆగింది, తర్వాత ఒక్కసారిగా తిరిగింది. అంత పొడుగు చెయ్యి ఉత్తరంనుంచి పడమటికి ఆకాశాన్ని తుడుచుకుంటూ వచ్చి, షెడ్ల మీదుగా కాస్త దాటిపోయి, వెనక్కి ఊగి, గాలికి వీపు చూపించి నిలబడింది. కాళ్ళకింద వణుకు తగ్గిపోయింది. మూలుగు ఆగింది. నేను రేకు దగ్గరికి పరిగెత్తి, తమ్ముడితో కలిసి దాన్ని పక్కకి లాగాను. మరదలు చంటిదాన్ని దుప్పటిలో చుట్టి గుండెకి అదుముకుని కూర్చుంది. దుప్పటి ఎందుకు తీసిందో అప్పటికి అర్థమైంది.

“తిరిగింది,” అంది వాకీటాకీ. అంతే. వాన పడింది, గాలి తగ్గింది, అప్పటిదాకా ఆయన పైనే ఉన్నాడు.

కిందికి దిగేసరికి చొక్కా చొక్కాలా లేదు. కుడిచెయ్యి మోచేతిదాకా గీరుకుపోయింది, బుగ్గ మీద నెత్తురు. చేతికి గ్రీజు, గ్రీజుకి అంటుకుని గడ్డిపరకలు, ఒక నీలం దారం. ఆ దారం తీయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

షెడ్లవాళ్ళంతా చుట్టూ మూగారు. తమ్ముడు పిలిచిన ఇంజనీరు కూడా వచ్చాడు. ఎవరో ముసలాయన మా ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. “దేవుడిలా ఎక్కావయ్యా కవిగారూ!” అన్నారెవరో. ఆయన ఆ మాట వింటూ తలెత్తలేదు.

ఇంజనీరు బోల్టులు చూసి వచ్చి, “బ్రేకు ఎలా పట్టేసింది?” అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, “తుప్పండీ. కదలక చాలా రోజులైంది కదా, పట్టేసి ఉంటుంది” అన్నాడు. బావ కదా అని ఆ మాటన్నాడో, కవి కదా అని అన్నాడో. నేనూ నోరు మెదపలేదు. ఆ క్షణాన తుప్పే నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది.

“తుప్పు కాదు,” అన్నాడు మా ఆయన. “నేనే వేశాను. పక్షి గూడు పెట్టిందని.”

చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు ఒక్కొక్కటీ వెనక్కి వెళ్ళాయి. కళ్ళకద్దుకున్న ముసలాయన ఆయన వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మరదలు చంటిదాన్ని ఇంకో భుజం మీదికి మార్చుకుని, పక్కకి తిరిగింది. అది నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఇంజనీరు మాత్రం, “మీరింక పైకెక్కక్కర్లేదు” అని అక్కడే చెప్పేశాడు. తప్పేమీ లేదు. నేను ఇంజనీరునైనా అదే చెప్పేదాన్ని.

ఇంటికి వచ్చాక గ్రంథాలయంవాళ్ళు ఫోన్ చేశారు. వాన వెలిసింది, జనం వచ్చారు, రిక్షా పంపించమంటారా అన్నారు. “కవిత లేదండి” అని పెట్టేశాడు. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడొచ్చు, ఆడలేదు. నేను వేడినీళ్ళు పెట్టి, ఆయన చెయ్యి పళ్ళెంలో ఉంచి, గ్రీజు కడుగుతూ కూర్చున్నాను.

“నువ్వు ఆపమనకపోతే...” అన్నాడు.

“ఆపమన్నది నేనే. లాగమన్నదీ నేనే. ఆ మూడింటి ఉసురు సగం నాది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఒక్కరే మోయకండి.”

పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాక ఆయన అన్నాడు: “నాలుగు పుల్లలు చూసిన రోజునే నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ సాయంత్రం చిన్నగాలికి క్రేను కొంచెం తిరిగేది. పుల్లలు రాలిపోయేవి. ఇది కదిలే చోటు, ఇక్కడ కాదు అని దానికి తెలిసేది. ఇంకెక్కడో పెట్టుకునేది. నేను బ్రేకు వేసి, ఇది కదలదు అని దాన్ని నమ్మించాను. గాలి కన్నా నేనే దయగలవాణ్ణి అనుకున్నాను.”

నేను నీలం దారం పళ్ళెంలోంచి తీసి గట్టు మీద పెట్టాను.

కోర్టు తగువు తేలి పని మళ్ళీ మొదలైంది. క్రేనుకి కొత్త మనిషి వచ్చాడు. మా ఆయనని పొమ్మనలేదు, కింద కొక్కేనికి సరుకు తగిలించే పనిలో పెట్టారు. ఇప్పుడిద్దరం నేల మీదే. మరదలు మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ‘కవిగారూ’ అన్న పిలుపులో వెటకారం పాలు పెరిగింది, ఆయన పట్టించుకోడు. ‘విను’ అనడం మాత్రం మానేశాడు. అదేం ఖర్మో, తప్పించుకోవాలని ఇన్నేళ్ళు ఏడ్చినదాన్ని, ఇప్పుడు చెవిలో కొత్త మనిషి “దించనా, తిప్పనా” అంటుంటే చెవి ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది.

ఒకరోజు పని దిగే వేళ, కొత్త మనిషి వాకీటాకీలో, “అక్కా, గాలికి వదిలేశాను, దిగుతున్నా” అన్నాడు. సరేనన్నాను. సంచి సర్దుకుంటుంటే మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. చూపు పైన ఉంది.

గోరింక. నోట్లో గడ్డిపరక. చక్రం దగ్గర, అదే సందు ముందు వాలి, తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. అదే పిట్టో, వేరేదో నాకు తెలియదు. ఆయనకి తెలిసినట్టుంది, పట్టు బిగిసింది. లోపలికి దూరింది, ఖాళీ నోటితో బయటికి వచ్చింది, ఎగిరిపోయి ఇంకో పరక తెచ్చింది. ఆ రెండోది కూడా పెట్టింది. మూడోసారి వెళ్ళింది.

ఆయన చెయ్యి నా మోచెయ్యి వదిలి వాకీటాకీ వైపు వచ్చింది. కొత్త మనిషి ఇంకా పైనే ఉన్నాడు, నిచ్చెన దగ్గరికి వస్తున్నాడు. ఒక్కమాట చాలు. ‘ఒక్క రాత్రికి బ్రేకు వేసి ఉంచు’ అంటే, కవిగారు కదా అని వేసినా వేస్తాడు. వేళ్ళు డబ్బా అంచు దాకా వచ్చాయి. నా నోట్లోకి ఆ పాతమాట వచ్చింది. ఈసారి అనకూడదనుకుని పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. నేను ఆపితే ఆగడం కాదు కావలసింది.

ఆయన చెయ్యి అక్కడే ఉంది. అలాగే ఉంది. చిన్నగాలి లేచింది. క్రేను చెయ్యి బద్ధకంగా, జానెడో మూరెడో తిరిగింది. సందులోంచి పరకలు రాలాయి, గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి మా ముందు కంకరలో పడ్డాయి.

గోరింక మూడో పరకతో వచ్చింది. వాలబోయి, రెక్కలు కొట్టుకుంటూ ఆగింది. చోటు చోటులో లేదు. ఒకసారి చుట్టూ తిరిగింది, అరిచింది, పరకని వదలకుండానే రోడ్డు మీదుగా ఎగిరి, ఎదురుగా పాత గోదాము గోడలో ఇటుక ఊడిన కన్నంలోకి దూరింది. ఎంత చూసినా మళ్ళీ ఇటు రాలేదు.

ఆయన చెయ్యి కిందికి జారింది. వంగి ఆ రెండు పరకలూ తీసుకోబోయి, తీసుకోకుండానే నిటారుగా నిలబడ్డాడు.

“విను,” అన్నాడు.

ఎన్నాళ్ళకో! “చెప్పండి,” అన్నాను.

“అది నన్నేమీ అడగలేదే,” అన్నాడు. “అప్పుడూ అడగలేదు.”